పాఠకుల ప్రశ్నలు: తగ్గడం వేరు, తక్కువగా ఉండడం వేరు

వైద్య పరిశోధనల గురించి చదివేటప్పుడూ రాసేటప్పుడూ కలిగే సందేహాలపై కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో చాలా వరకు ఒకే ప్రశ్న దగ్గరికి చేరుతున్నాయి: రెండు విషయాలు కలిసి కనిపించినప్పుడు ఒకటి రెండోదానికి కారణమని ఎప్పుడు అనవచ్చు, ఎప్పుడు అనకూడదు? ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయించాను.

ప్రశ్న: నేను ఆరోగ్య వ్యాసాలు రాస్తుంటాను. వేల మందిని కొన్నేళ్ళపాటు గమనించిన ఒక అధ్యయనం గురించి "రోజూ నడిస్తే డిమెన్షియా ముప్పు తగ్గుతుంది" అని రాశాను. సంపాదకులు ఆ వాక్యాన్ని కొట్టేసి, "రోజూ నడిచేవారిలో డిమెన్షియా తక్కువగా కనిపించింది" అని మార్చారు. అర్థం ఒకటే అయినప్పుడు ఇంత పట్టింపు ఎందుకండీ? — ఒక రచయిత్రి

జవాబు: మీ సంపాదకులు దిద్దింది శైలిని కాదు, విషయాన్ని. రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. "తక్కువగా కనిపించింది" అన్నది రెండు గుంపుల మధ్య పోలిక. "తగ్గుతుంది" అన్నది ఒకే మనిషిలో వచ్చే మార్పు. తగ్గాలంటే ముందు ఒక స్థాయి ఉండాలి, తరవాత ఇంకో స్థాయి రావాలి, ఆ రెంటికీ మధ్య ఏదో జరిగి ఉండాలి. మీరు చదివిన అధ్యయనంలో పరిశోధకులు ఎవరినీ కొత్తగా నడిపించలేదు, నడుస్తున్నవారిని ఆపలేదు. అప్పటికే నడిచే అలవాటున్నవారిని, లేనివారిని అలాగే ఉండనిచ్చి, ఎవరికి డిమెన్షియా అనే ఆ మతిమరుపు జబ్బు వచ్చిందో లెక్క రాసుకున్నారు. వారు చూసింది తేడాను, మీరు రాసింది మార్పును. పైగా "నడిస్తే" అన్న మాట, ఇంతవరకూ నడవని పాఠకుడు రేపటి నుంచి నడక మొదలుపెడితే ఏమవుతుందో కూడా చెప్పేస్తోంది. ఆ సంగతి ఆ అధ్యయనం చూడనే లేదు.

ఇది మాటల మీద పేచీ కాదు. బ్రిటన్‌లో వైట్‌హాల్-2 అనే అధ్యయనం 10,308 మంది ప్రభుత్వోద్యోగులను దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చింది. 2017లో ప్రచురించిన విశ్లేషణలో, పాతికేళ్ళకు పైబడిన ఆ సమాచారాన్ని పరిశీలించినప్పుడు, వ్యాయామం చేసేవారికి ఆ తరవాతి కాలంలో డిమెన్షియా తక్కువగా రావడం కనిపించలేదు. కనిపించింది వేరొకటి: డిమెన్షియా వచ్చినవారిలో, జబ్బు నిర్ధారణ కావడానికి తొమ్మిదేళ్ళ ముందు నుంచే శారీరక శ్రమ తగ్గుతూ వచ్చింది. ఈ వాక్యంలో "తగ్గుతూ వచ్చింది" అన్న క్రియ సరైనదే, ఎందుకంటే అవే మనుషులను మళ్ళీ మళ్ళీ కొలిచారు. ఇప్పుడు ఆలోచించండి. డెబ్బై ఏళ్ళ వయసువారిని తీసుకుని నాలుగైదేళ్ళు మాత్రమే గమనించే అధ్యయనంలో, పైకి ఇంకా తెలియని జబ్బు అప్పటికే కొందరిని నడక మాన్పించి ఉంటుంది. వారిని మనం "నడవనివారు" అనే గుంపులో వేస్తాం, కొన్నాళ్ళకు వారికి జబ్బు బయటపడుతుంది, నడవకపోవడం వల్లే వచ్చిందని రాస్తాం. బాణం అటునుంచి ఇటు ఉండగా మనం ఇటునుంచి అటు గీశామన్నమాట. దీన్ని పట్టుకుని నడక మానేయమని ఎవరూ అనుకోకూడదు. రక్తపోటు, రక్తంలో చక్కెర విషయంలో వ్యాయామం చేసే మేలు ప్రయోగపూర్వకంగా రుజువైంది. డిమెన్షియా విషయంలో మాత్రం మీరు చదివిన అధ్యయనానికి మీ వాక్యాన్ని మోసే బలం లేదు.

ఈ తేడా మనకు కొత్తగా ఎవరో నేర్పవలసినది కాదు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణంలో జరిగితే దాన్ని కాకతాళీయం అన్నాం. తర్కశాస్త్రం ఇంకా లోతుకు వెళ్ళింది. కార్యానికి ముందు ఉన్నంత మాత్రాన ఏదీ కారణం కాదంది. కుమ్మరికి మట్టి మోసుకొచ్చిన గాడిద కుండకు ముందే ఉంది, అయినా అది కుండకు కారణం కాదు, ఎందుకంటే మట్టి మరో దారిలో వచ్చినా కుండ తయారయ్యేది. అటువంటిదాన్ని అన్యథాసిద్ధం అన్నారు. వైద్య పరిశోధనలో కష్టం ఎక్కడ వస్తుందంటే, అక్కడ కుమ్మరి ఎవరో గాడిద ఏదో ముందుగా తెలియదు. కుండలూ, వాటికి ముందు ఆ చుట్టుపక్కల కనిపించినవన్నీ కలగలిసి మన ఎదుట ఉంటాయి.

మీరు రాసేవారు కాబట్టి ఇంకొక మాట. వల్ల, మూలంగా, ప్రభావం, రక్షణ, దోహదం: ఇవన్నీ కారణాన్ని చెప్పే మాటలు. వీటిని గుర్తుపట్టడం తేలిక. గుర్తుపట్టనివ్వకుండా దూరేది "కారకం". రిస్క్ ఫ్యాక్టర్‌ను మనం "ముప్పు కారకం" అని రాస్తున్నాం. కారకం అంటేనే కలిగించేది. కాని రిస్క్ ఫ్యాక్టర్లుగా చెప్పుకునేవన్నీ కలిగించేవి కావు. శరీరంలో వాపు ఉన్నప్పుడు పెరిగే సి-రియాక్టివ్ ప్రొటీన్ రక్తంలో ఎక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వస్తుంది, అది నిజం. అయితే ఆ ప్రొటీన్ పుట్టుకతోనే ఎక్కువగా ఉండేలా చేసే జన్యువులున్నవారికి గుండెజబ్బు ఎక్కువగా రావడం లేదని జన్యు అధ్యయనాల్లో తేలింది. అంటే అది ముప్పును తెచ్చేది కాదు, తెలిపేది. అటువంటి చోట నేను "ముప్పు సూచిక" అని రాస్తాను. మీరూ అలా రాస్తే సంతోషిస్తాను.

ప్రశ్న: పరిశోధన పత్రాల్లో "వయసు, ఆదాయం, పొగతాగే అలవాటు వంటివాటికి సర్దుబాటు చేశాక కూడా సంబంధం నిలిచింది" అని ఉంటుంది. అన్నిటికీ సర్దుబాటు చేశాక కూడా కారణమని అనకూడదంటే, ఇక ఆ లెక్కలన్నీ దేనికి? — జీవగణాంక శాస్త్ర విద్యార్థి

జవాబు: సర్దుబాటు అంటే, ఆ అంశాల్లో ఒకేలా ఉన్నవారినే పోల్చినట్టుగా లెక్క కట్టడం. అది చేయగలిగేది కొలిచినవాటికే, అదీ ఎంత బాగా కొలిచారో అంతవరకే. మీరు "అన్నిటికీ" అన్నారు. పత్రంలో ఉన్నది "వంటివాటికి". ఈ రెండు మాటల మధ్య ఏమేం మిగిలిపోయాయో అడగడమే ఈ విద్యలో అసలు పని.

మెనోపాజ్ దాటిన స్త్రీలకిచ్చే హార్మోన్ల చరిత్రను ప్రతి విద్యార్థీ వివరంగా చదవాలని నా కోరిక. అమెరికాలో 1976లో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనంతో సహా ఎన్నో పరిశీలనాత్మక (ఎవరికీ ఏమీ ఇవ్వకుండా గమనించి మాత్రమే చూసే) అధ్యయనాల్లో, హార్మోన్లు వాడుతున్న స్త్రీలలో గుండెజబ్బు మూడో వంతు నుంచి సగం దాకా తక్కువగా కనిపించింది. వయసు, బరువు, పొగతాగడం అన్నీ సర్దుబాటు చేసిన లెక్కలే అవి. దాంతో గుండెను కాపాడడం కోసమే హార్మోన్లు రాయడం చాలామంది వైద్యులకు అలవాటయింది. ఆ తరవాత విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే ట్రయల్‌లో 50 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసున్న 16,608 మందిని తీసుకుని, ఎవరికి హార్మోన్, ఎవరికి ప్లాసిబో (మందు లేని గుళిక) అన్నది చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. సగటున 5.2 ఏళ్ళు గడిచాక, లాభం కన్నా నష్టమే ఎక్కువగా ఉందని తేలడంతో 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి 10,000 మంది స్త్రీల లెక్కన చూస్తే, గుండె ధమనుల జబ్బు హార్మోన్ వాడినవారిలో 37 మందికి, ప్లాసిబో వాడినవారిలో 30 మందికి వచ్చింది. రొమ్ము క్యాన్సర్ 38 మందికి, 30 మందికి. పక్షవాతం 29 మందికి, 21 మందికి. తుంటి ఎముక విరగడం మాత్రం హార్మోన్ వైపు తక్కువ: 10 మందికి, 15 మందికి.

సగానికి సగం మేలు అనుకున్నది కీడు వైపుకు ఎలా తిరిగింది? ఒక కారణం అందరికీ తెలిసినదే. ఆ రోజుల్లో తమంతట తాము వైద్యుల దగ్గరికి వెళ్ళి హార్మోన్లు రాయించుకున్న స్త్రీలు సగటున కాస్త చదువుకున్నవారు, కాస్త కలిగినవారు, ఆరోగ్యంపై శ్రద్ధ ఉన్నవారు. రెండో కారణం తక్కువమందికి తెలుసు, నాకు అదే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. ట్రయల్‌లో హార్మోన్ మొదలుపెట్టిన తొలి ఏళ్ళలోనే గుండె సంఘటనలు ఎక్కువగా జరిగాయి. పరిశీలనాత్మక అధ్యయనాల్లో అప్పటికే కొన్నేళ్ళుగా వాడుతున్నవారి నుంచి లెక్క మొదలైంది, అంటే తొలి దెబ్బ తగిలినవారు లెక్కలోకి రాకముందే తప్పుకున్నారు. 2008లో నర్సుల అధ్యయనం సమాచారాన్నే మళ్ళీ తీసుకుని, హార్మోన్ మొదలుపెట్టిన రోజు నుంచి, ట్రయల్‌లో లెక్కించినట్టుగానే విశ్లేషించారు. రెండు ఫలితాల మధ్య తేడా చాలామటుకు పోయింది. కాబట్టి మీరడిగిన "ఆ లెక్కలన్నీ దేనికి" అన్నదానికి ఇదే నా జవాబు. సమాచారం అదే, ప్రశ్నను సరిగ్గా అడిగేసరికి సమాధానం మారింది. (ఆవిర్లు వంటి బాధలకు వైద్యుల సలహాతో హార్మోన్లు వాడుతున్న పాఠకురాళ్ళు ఈ అంకెలు చూసి భయపడవద్దు. ట్రయల్‌లో చేరినవారి సగటు వయసు 63. మెనోపాజ్ తొలి ఏళ్ళలో బాధా నివారణకు వాడడం వేరే లెక్క.)

ఇంకొక ఉదాహరణ ఇస్తాను. గుండెపోటు వచ్చిన పురుషులపై అమెరికాలో జరిగిన కొరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్‌లో క్లోఫిబ్రేట్ అనే మందును ప్లాసిబోతో పోల్చారు. 1980లో ఆ సమాచారం నుంచి ఒక చిన్న పట్టిక ప్రచురించారు. క్లోఫిబ్రేట్‌ను క్రమం తప్పకుండా వేసుకున్నవారిలో ఐదేళ్ళలో 15 శాతం మంది మరణించారు. సరిగ్గా వేసుకోనివారిలో సుమారు 25 శాతం. మందు పనిచేసిందని అనాలనిపిస్తుంది. కాని పక్క వరుసలో ప్లాసిబో అంకెలున్నాయి: క్రమంగా వేసుకున్నవారిలో 15 శాతం, వేసుకోనివారిలో 28 శాతం. మందే లేని గుళికను శ్రద్ధగా మింగినవారు బతికారు, మింగనివారు ఎక్కువగా చనిపోయారు. పరిశోధకులు దాదాపు 40 అంశాలకు సర్దుబాటు చేసినా ఆ తేడా చెరిగిపోలేదు. గుళికలో ఏమీ లేదని మనకు ఖాయంగా తెలుసు కాబట్టి, ఆ మనుషులలోనే, ఎవరూ కొలవని ఏదో తేడా ఉందని ఒప్పుకుంటాం. అదే తేడా ఒక విటమిన్ గుళిక విషయంలో కనిపించి ఉంటే ఎన్ని వ్యాసాలు వచ్చేవో ఊహించండి. ట్రయల్‌లో దొరికిన సమాచారమైనా సరే, చీటీ విడదీసిన గుంపులను వదిలి, మనుషులు తమకు తాముగా విడిపోయిన గుంపులను పోల్చిన క్షణం నుంచి అది పరిశీలనాత్మక అధ్యయనమే అవుతుందని కూడా ఈ పట్టిక చెబుతుంది.

ప్రశ్న: పొగతాగడంపై ఎవరూ ట్రయల్ చేయలేదు. చేయలేరు కూడా. మీరు తరచూ చెప్పే "సంబంధం ఉన్నంత మాత్రాన కారణం కాదు" అన్న మాటనే పొగాకు కంపెనీలు దశాబ్దాలపాటు కవచంగా వాడుకున్నాయి. మీ రాతలు తెలియకుండానే వారికి పనికొస్తున్నాయని అనిపించదా? — ఒక విశ్రాంత అధ్యాపకుడు

జవాబు: మీ ఆక్షేపణ న్యాయమైనది మాస్టారూ, దానికి తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. "సంబంధం ఉన్నంత మాత్రాన" అన్నప్పుడు బరువంతా "మాత్రాన" అన్న మాట మీద ఉంది. ఆ మాటను వదిలేసి, సంబంధం ఎప్పటికీ కారణం కాదన్నట్టు వాడినవారు పొగాకు కంపెనీలవారు. పొగాకు విషయంలో సంబంధం ఒంటరిగా లేదు.

బ్రిటన్ పరిశోధకులు రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో లండన్ ఆస్పత్రుల్లోని 649 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ పురుష రోగులను, మరో 649 మంది ఇతర రోగులతో పోల్చారు. క్యాన్సర్ రోగుల్లో పొగతాగనివారు ఇద్దరు. ఇతరుల్లో 27 మంది. అప్పటికి వారూ తొందరపడలేదు. 1951లో బ్రిటన్ వైద్యులకు ప్రశ్నావళి పంపి, జవాబిచ్చిన సుమారు 40,000 మందిని ఏళ్ళ తరబడి అనుసరించారు. ఇక్కడ అలవాటు ముందు నమోదయింది, జబ్బు తరవాత వచ్చింది. కాబట్టి జబ్బే అలవాటును మార్చిందన్న సందేహానికి చోటు తగ్గింది. ఎక్కువ తాగినవారికి ఎక్కువగా, తక్కువ తాగినవారికి తక్కువగా, మానేసినవారికి మానేసిన కాలాన్ని బట్టి ఇంకా తక్కువగా వచ్చింది. గణాంక శాస్త్రంలో అప్పటికి అంతటివాడు లేడనిపించుకున్న రొనాల్డ్ ఫిషర్ అడ్డుపడ్డారు. పొగతాగాలన్న కోరికనూ క్యాన్సర్‌నూ ఒకే జన్యువు కలిగిస్తూ ఉండవచ్చన్నారు. ఆ వాదన తార్కికంగా తప్పు కాదు. దానికి 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన జవాబు చూడండి: పొగతాగేవారికి క్యాన్సర్ తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉన్నప్పుడు, ఆ తేడా మొత్తం ఏదో దాగిన కారణం పనే అనాలంటే, ఆ కారణం పొగతాగేవారిలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండాలి. అటువంటిదాన్ని ఎవరూ చూపలేకపోయారు. హార్మోన్ల విషయంలో తేడా మూడో వంతు, సగం. దాన్ని శ్రద్ధ, ఆదాయం వంటివి పుట్టించగలవు. తొమ్మిది రెట్లను పుట్టించలేవు.

1965లో హిల్ ఇలాంటి ఆధారాలను బేరీజు వేయడానికి తొమ్మిది కోణాలు సూచించారు. సంబంధం ఎంత బలమైనది, వేరువేరు చోట్ల మళ్ళీ కనిపించిందా, ముందు వెనకలు సరిగ్గా ఉన్నాయా, మోతాదు పెరిగితే ఫలితమూ పెరిగిందా వంటివి అవి. వాటిని పరీక్ష పాసయ్యే మార్కుల్లా లెక్కపెట్టకూడదని ఆయనే హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఎంత అవసరమో క్యారెట్ల వంటివాటిలో ఉండే బీటా కెరోటిన్ చూపింది. ఆహారంలోనూ రక్తంలోనూ అది ఎక్కువగా ఉన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా ఉందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. శరీరంలో ఎలా పనిచేస్తుందో చెప్పే వివరణా నమ్మదగినట్టే ఉండేది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగి, 1994లో ప్రచురితమైన ట్రయల్‌లో, బీటా కెరోటిన్ ఇచ్చినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. రెండేళ్ళ తరవాత అమెరికా ట్రయల్ 28 శాతం ఎక్కువని చూపి, అనుకున్న గడువుకు 21 నెలల ముందే ఆగిపోయింది. ఈ కథను చెప్పి పొగాకును వెనకేసుకొచ్చేవారు ఎవరైనా ఎదురైతే, రెండింటి వెనక ఉన్న సాక్ష్యం బరువును పక్కపక్కన పెట్టి చూపండి. డాల్ 2004లో ప్రచురించిన యాభై ఏళ్ళ ఫలితాల ప్రకారం, జీవితాంతం సిగరెట్లు తాగినవారు తాగనివారి కన్నా సగటున పదేళ్ళ ముందు మరణించారు. పొగతాగడం వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. ఇక్కడ "వల్ల" అని నిస్సంకోచంగా రాస్తాను.

ప్రశ్న: పాత కేస్‌షీట్ల నుంచి రెండు శస్త్రచికిత్సల ఫలితాలను పోల్చి థీసిస్ రాస్తున్నాను. కొత్త పద్ధతిలో విజయ శాతం ఎక్కువగా వచ్చింది. "కొత్త పద్ధతి మెరుగైన ఫలితాలను ఇస్తుంది" అని ముగించవచ్చునా? — పీజీ వైద్య విద్యార్థిని

జవాబు: ఆ వాక్యం రాయడానికి ముందు ఒక్క పట్టిక వేయమ్మా: ఏ రోగికి ఏ శస్త్రచికిత్స చేయాలో ఎవరు, ఏం చూసి నిర్ణయించారు?

1986లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక పత్రంలో మూత్రపిండాల్లో రాళ్ళకు చేసిన చికిత్సలను పోల్చారు. కోత పెట్టి చేసే శస్త్రచికిత్స 350 మందిలో 273 మందికి విజయవంతమైంది, అంటే 78 శాతం. చర్మానికి చిన్న రంధ్రం చేసి రాయిని తీసే కొత్త పద్ధతి 350 మందిలో 289 మందికి విజయవంతమైంది, 83 శాతం. కొత్తదే మేలనిపిస్తోంది కదా? రాళ్ళను పరిమాణాన్ని బట్టి విడదీయండి. చిన్న రాళ్ళలో పాత పద్ధతి 87కి 81, అంటే 93 శాతం. కొత్తది 270కి 234, అంటే 87 శాతం. పెద్ద రాళ్ళలో పాతది 263కి 192, అంటే 73 శాతం. కొత్తది 80కి 55, అంటే 69 శాతం. చిన్నవాటిలోనూ పాతదే ముందు, పెద్దవాటిలోనూ పాతదే ముందు, కలిపితే మాత్రం కొత్తది ముందు. కూడికలో తప్పేమీ లేదు. కష్టమైన పెద్ద రాళ్ళను ఎక్కువగా పాత పద్ధతికి, తేలికైన చిన్న రాళ్ళను ఎక్కువగా కొత్త పద్ధతికి పంపారు. ఆ 83 శాతంలో శస్త్రచికిత్స పనితనంతోపాటు రోగుల ఎంపిక కూడా కలిసి ఉంది. నీ కేస్‌షీట్లలో రాయి పరిమాణం వంటిది ఏదో నీకే బాగా తెలియాలి. కేస్‌షీట్‌లో రాయనిది, శస్త్రవైద్యుడి మనసులోనే మిగిలిపోయినది ఏదైనా ఉంటే దాన్ని కూడా పరిమితులలో పేరు పెట్టి రాయి.

దీనికి భయపడి రెండో తప్పు చేయవద్దు. ఈ మధ్య చాలా థీసిస్‌లలో మొదటి పుట నుంచి "సంబంధం", "అనుబంధం" అని జాగ్రత్తగా రాసుకుంటూ వచ్చి, చివరి పేరాలో "కాబట్టి కొత్త పద్ధతికి ప్రాధాన్యం ఇవ్వాలి" అని తేల్చేస్తున్నారు. ఇవ్వాలి అన్న సలహాకు ఆధారం కారణమే తప్ప సంబంధం కాదు. నీవు తెలుసుకోవాలనుకున్నది ఏ పద్ధతి మెరుగైనదన్నదే అయితే, ఆ మాట పీఠికలోనే సూటిగా చెప్పు. నీ సమాచారం ఆ ప్రశ్నకు ఎంత దూరం జవాబివ్వగలిగిందో, ఎక్కడ ఆగిపోయిందో ముగింపులో చెప్పు. ఉద్దేశాన్ని దాచుకున్న థీసిస్ కన్నా అది ఎక్కువ గౌరవనీయం.

ప్రశ్న: ఇలాంటి పొరపాట్లన్నీ విలేకరులవేనని వైద్యులు అంటుంటారు. మీరూ అంతేనా? — ఒక ఉప సంపాదకుడు

జవాబు: కాదు. బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు 2011లో విడుదల చేసిన ఆరోగ్య పరిశోధనలపై 462 పత్రికా ప్రకటనలను అసలు పత్రాలతోనూ, వార్తలతోనూ పోల్చిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. ఆ ప్రకటనల్లో మూడో వంతు, పరిశోధన చూపిన సంబంధాన్ని మించి కారణం ఉన్నట్టు చెప్పాయి. ప్రకటనలో అతిశయోక్తి ఉన్నప్పుడు 81 శాతం వార్తల్లో అది కనిపించింది. ప్రకటన నిగ్రహంగా ఉన్నప్పుడు 18 శాతం వార్తల్లోనే కనిపించింది. ఇదీ పరిశీలనాత్మక అధ్యయనమే కాబట్టి ప్రకటన వల్లే వార్త చెడిందని దీనితో తేల్చలేం. ప్రకటనను పరిశోధకులు కూడా చూసి ఆమోదిస్తారు కాబట్టి, వారి బాధ్యత అక్కడే మొదలవుతుందని మాత్రం నేను నమ్ముతాను. మీ వంతుకు, శీర్షిక పెట్టేటప్పుడు అధ్యయనంలో ఎవరైనా ఎవరికైనా ఏదైనా ఇచ్చారా, లేక చూస్తూ ఊరుకున్నారా అన్నది వ్యాసకర్తను అడగండి. చూస్తూ ఊరుకుని ఉంటే శీర్షికలో "తగ్గిస్తుంది", "పెంచుతుంది" అన్న మాటలు రాకుండా చూడండి. "తక్కువ", "ఎక్కువ" అన్న మాటలు శీర్షికలో చోటు కూడా తక్కువే తీసుకుంటాయి.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. రెండేళ్ళుగా పాంటొప్రజోల్ గ్యాస్ మాత్ర వాడుతున్నాను. ఇవి వాడితే కిడ్నీలు పాడవుతాయని, డిమెన్షియా వస్తుందని చదివి నిద్రపట్టడం లేదు. మానేయమంటారా? — ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివిన "వాడితే" వెనక ఉన్నవి చాలావరకు పరిశీలనాత్మక అధ్యయనాలమ్మా. ఈ మాత్రలు ఎవరు వాడతారు? వయసు పైబడినవారు, ఇతర మందులు నాలుగైదు వేసుకునేవారు, ఆస్పత్రికి తరచూ వెళ్ళేవారు. కిడ్నీ జబ్బు, డిమెన్షియా ఎక్కువగా వచ్చేదీ వారికే. మాత్ర జబ్బును తెచ్చిందో, జబ్బుమనిషి దగ్గరికి మాత్ర చేరిందో ఆ అధ్యయనాలు విడదీయలేవు. విడదీయగలిగిన ట్రయల్ ఒకటి 2019లో వచ్చింది. 17,598 మందిలో కొందరికి పాంటొప్రజోల్, కొందరికి ప్లాసిబో ఇచ్చి సుమారు మూడేళ్ళు చూశారు. కిడ్నీ జబ్బు, డిమెన్షియా, న్యుమోనియా, ఎముకలు విరగడం రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగా ఉన్నాయి. పేగుల ఇన్‌ఫెక్షన్లు మాత్రం 1.0 శాతానికి బదులు 1.4 శాతం వచ్చాయి. మూడేళ్ళకు మించి నెమ్మదిగా వచ్చే మార్పులకు ఈ ట్రయల్ పూర్తి హామీ కాదు. మీ నిద్ర చెడగొట్టుకునేంత భయానికి మాత్రం ఆధారం లేదు.

మీ అంతట మీరు ఆపవద్దు. ఆస్పిరిన్ వంటి మందులతో కడుపులో రక్తస్రావం కాకుండా ఉండడానికి దీన్ని రాసి ఉంటే, ఆపడమే ప్రమాదం. ఏ కారణంతో మొదలుపెట్టారు, ఆ కారణం ఇంకా ఉందా అని మీ డాక్టరునే అడగండి. ఇక అవసరం లేదని ఆయన ఆపించినప్పుడు కొన్ని వారాలు మంట తిరిగి రావచ్చు. జబ్బు పోలేదని, మాత్ర లేకపోతే తన వల్ల కాదని చాలామంది అప్పుడే నిర్ణయించేసుకుంటారు. కడుపు జబ్బేమీ లేని 120 మందిని తీసుకుని, ఒక గుంపుకు ఇదే జాతి మందును ఎనిమిది వారాలు ఇచ్చి ఆపితే, ఆ తరవాతి వారాల్లో వారిలో 44 శాతం మందికి మంట వంటి బాధలు వచ్చాయి. ప్లాసిబో గుంపులో 15 శాతం మందికే వచ్చాయి. మందు ఆపిన కొత్తలో కడుపులో ఆమ్లం కొన్నాళ్ళు ఎక్కువగా ఊరుతుంది. కాబట్టి ఆపిన మొదటి వారం మంట వస్తే పాత జబ్బు తిరగబెట్టిందని వెంటనే అనుకోకుండా, ఎన్నాళ్ళు ఉందో రాసుకుని మీ డాక్టరుకు చూపించండి.